నచ్చిన పాట మొహం మొత్తకుండా: ఐట్యూన్స్ స్మార్ట్ ప్లేలిస్ట్ రివ్యూ

ఆటోమేటిక్ ప్లేలిస్టులతో అందరికీ ఒకటే గోల, వేల పాటలున్న లైబ్రరీ చేతిలో పెట్టినా తిప్పి తిప్పి ఆ నలభై యాభై పాటల దగ్గరికే వస్తాయి, మనకి ఇష్టమైనవే కదా అని ఊరుకుంటే కొన్నాళ్ళకి ప్రాణంలాంటి పాట కూడా ఇంట్రో మ్యూజిక్ దగ్గరే మొహం మొత్తేస్తుంది. దీనికి నాకు దొరికిన మందు కొత్త యాప్ ఏం కాదు, ఆపిల్ వాళ్ళ మ్యూజిక్ ప్లేయర్ ఐట్యూన్స్‌లో ఎప్పట్నుంచో ఉన్న స్మార్ట్ ప్లేలిస్టే, అంటే మనం పెట్టిన రూల్స్ ప్రకారం పాటల్ని తనే ఏరుకునే లిస్ట్. స్టార్ రేటింగులు, స్మార్ట్ ప్లేలిస్టులు రెండూ 2002లో ఐట్యూన్స్ 3తో కలిసే వచ్చాయి, మ్యాక్‌లో 2019లో ఐట్యూన్స్ పోయి మ్యూజిక్ యాప్ వచ్చినా ఇవి మాత్రం అలాగే ఉన్నాయి. స్టార్లు కనిపించకపోతే సెట్టింగ్స్‌లో జనరల్‌కి వెళ్ళి స్టార్ రేటింగ్స్ ఆన్ చేసుకోవాలి, అంతే.

మధ్యలో పార్టీ షఫుల్ అని, పాటల్ని తనే కలిపి వరసగా ప్లే చేసేది ఒకటి ఉండేది, తర్వాత దానికే ఐట్యూన్స్ డీజే అని పేరు మార్చి 2012లో వచ్చిన ఐట్యూన్స్ 11లో మొత్తానికే తీసేశారు. అందులో ఎక్కువ రేటింగ్ ఉన్న పాటలు ఎక్కువసార్లు ప్లే చెయ్యి అని ఒక చెక్‌బాక్స్ ఉండేది. వినడానికి భలే ఉంటుంది గానీ నా లెక్కలో రేటింగ్‌ని వాడుకోవాల్సిన పద్ధతి అది కాదు. డబ్బాలో పాటకొకటి చొప్పున 200 చీటీలు వేసి ఒకటి తీసి, పాట విని, ఆ చీటీ మళ్ళీ డబ్బాలోనే వేస్తున్నాం అనుకోండి, 30 పాటలు అయ్యేలోపు కనీసం ఒక్కటైనా రెండోసారి వచ్చే ఛాన్స్ దాదాపు 90 శాతం! అసలే ఇలా ఉంటే ఫైవ్ స్టార్ పాటలకి ఇంకో రెండు చీటీలు ఎక్కువ వేస్తే ఏమవుతుందో మీరే చూసుకోండి. స్టార్ అంటే ఆ పాటకి ఎన్ని చీటీలు వెయ్యాలి అని కాదు, ఎన్ని రోజులకోసారి రావాలి అని.

ఇక్కడే స్మార్ట్ ప్లేలిస్ట్ పనికొస్తుంది. రేటింగ్ ఐదు స్టార్లు, లాస్ట్ ప్లేడ్ (చివరిసారి విన్న తేదీ) గత 10 రోజుల్లో ఉండకూడదు అని రెండు రూల్స్ పెడితే నిన్న విన్న పాట ఇవాళ రమ్మన్నా రాదు. నాలుగుకి 30 రోజులు, మూడుకి 90 రోజులు అని ఇలా పెట్టుకుంటూ పోవచ్చు. చాలామంది ఇక్కడిదాకా చేసి, అన్నిటినీ ఒకే లిస్టులో వేసి, చివర లిమిట్ 100 పాటలు, ఎంచేది లీస్ట్ రీసెంట్లీ ప్లేడ్ (విని ఎక్కువ రోజులైనవి ముందు) ప్రకారం అని పెట్టేస్తారు. అక్కడ చెడుతుంది. అన్నిటికంటే ఎక్కువ రోజులు వినకుండా ఉండేవి ఎప్పుడూ త్రీ స్టార్లే కదా, కాబట్టి ఆ వంద సీట్లూ అవే ఆక్రమించేసి ఫైవ్ స్టార్ పాట గడువు తీరినా బయటే నిలబడుతుంది. రేటింగ్ ఇచ్చిన పాపానికి మంచి పాటలే కనపడకుండా పోతాయన్నమాట 😀

కాబట్టి ఒక్కో స్టార్‌కి ఒక్కో లిస్ట్ విడిగా చెయ్యాలి, ఒక్కోదానికి 40 పాటల లిమిట్, ఎంచేది మాత్రం అదే లీస్ట్ రీసెంట్లీ ప్లేడ్, లైవ్ అప్‌డేటింగ్ (లిస్ట్ ఎప్పటికప్పుడు తనే మారడం) ఆన్. తర్వాత ఇంకో స్మార్ట్ ప్లేలిస్ట్ చేసి, ప్లేలిస్ట్ ఫలానాది అనే రూల్‌తో ఈ మూడింటినీ అందులోకి లాగాలి, పైన ఆల్ బదులు ఎనీ పెట్టడం మర్చిపోకండి, ఆల్ ఉంటే ఒకే పాట మూడు లిస్టుల్లోనూ ఉండాలని అర్థం కాబట్టి లిస్ట్ ఖాళీగా కనిపిస్తుంది. పాట పూర్తవగానే అది తన లిస్టులోంచి తప్పుకుని దాని ప్లేస్‌లో పాతబడ్డ ఇంకోటి వస్తుంది. మూడు లిస్టులూ సమానం కాబట్టి షఫుల్ పెడితే మూడు రకాలూ సమానంగా పడతాయి. ఇప్పుడు లెక్క చూడండి, ఫైవ్ స్టార్లు 200, ఫోర్ 600, త్రీ 1500 ఉన్నాయనుకుందాం, రోజుకి రెండు గంటలు వింటే ఓ 30 పాటలు, అంటే ఒక్కో రకం నుంచి పది. ఫైవ్ స్టార్ పాట దాదాపు 20 రోజులకోసారి, ఫోర్ 60 రోజులకి, త్రీ 150 రోజులకి తిరిగొస్తుంది. ఈ గడువులు మనం ఎక్కడా రాయలేదు, లిమిట్ వల్ల వాటంతట అవే పడ్డాయి. ముందు పెట్టిన 10, 30, 90 రోజుల రూల్స్ ఉత్త కంచె మాత్రమే, పొద్దున్నుంచి రాత్రిదాకా పాటలు మోగించే రోజు కోసం.

లిమిట్ మరీ చిన్నది, పది లాంటిది పెట్టకండి, పక్కపక్కన విన్న పాటలు మళ్ళీ అదే గుంపుగా కలిసి తిరిగొస్తాయి, నలభై దాకా ఉంటే షఫుల్‌కి కలపడానికి కాస్త చోటుంటుంది.

ఇంకో చిక్కు స్కిప్‌తో. పాట చివరిదాకా ఆడితేనే లాస్ట్ ప్లేడ్ తేదీ మారుతుంది, మధ్యలో నెక్స్ట్ కొడితే మారదు, అంటే వద్దనుకున్న పాటే అందరికంటే పాతదిగా లిస్టులో పైన కూర్చుని అరగంటకోసారి పలకరిస్తుంది. దీనికి లాస్ట్ స్కిప్డ్ గత 30 రోజుల్లో ఉండకూడదు అని ఇంకో రూల్ కలిపితే సరి, అసలు స్కిప్ చెయ్యని పాటలకి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఈ ఒక్క రూల్ లేక సెటప్ మొత్తం వదిలేసిన వాళ్ళు ఉంటారు.

మైనస్‌లు ఉన్నాయి. ఐఫోన్ మ్యూజిక్ యాప్‌లో స్మార్ట్ ప్లేలిస్ట్ తయారు చెయ్యడానికి లేదు, కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. రేటింగ్ పాట ఫైల్‌లో రాయదు, లైబ్రరీలో దాచుకుంటుంది, కాబట్టి వేరే ప్లేయర్‌కి మారితే అన్నేళ్ళు ఇచ్చిన స్టార్లు వెంట రావు. విండోస్ వాళ్ళయితే మ్యూజిక్‌బీ చూడండి, ఫ్రీ, ఇలాంటి రూల్స్‌తోనే ఆటో ప్లేలిస్టులు ఉంటాయి, రేటింగ్ ఫైల్ ట్యాగ్‌లోనే సేవ్ చేసుకోవచ్చు, పైగా అర స్టార్లు కూడా ఇవ్వొచ్చు. స్ట్రీమింగ్ వాళ్ళిచ్చే హార్ట్ గుర్తుతో ఈ పని అవ్వదు, నచ్చింది అని చెప్తుంది గానీ ఎంత నచ్చింది అనేది దానికి తెలీదు.

స్టార్లు ఇచ్చేటప్పుడు మాత్రం కాస్త పిసినారిగా ఉండండి. కొత్త పాట రాగానే ఆ ఊపులో అయిదు ఇచ్చేస్తాం, అలా 200 కాస్తా 400 అయితే రోజుకి వచ్చేది పదే కాబట్టి నిజంగా ప్రాణమైన పాట 20 రోజులకి రావాల్సింది 40 రోజులకి వస్తుంది. అందుకే కొత్తదానికి ముందు మూడే ఇచ్చి, అది తిరిగొచ్చినప్పుడు సౌండ్ పెంచాలనిపిస్తేనే నాలుగు చెయ్యండి.