కోపెన్‌హాగెన్ అకాడమీ, ఆర్హూస్ ఆర్కిటెక్చర్ పాఠశాల: మాస్టర్స్‌కు ఏది మేలు?

ఏటా చలికాలం మొదలయ్యేసరికి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చివరి సంవత్సరంలో ఉన్న పిల్లలు రాస్తారు: "అక్కా, డెన్మార్క్‌లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నాను. కోపెన్‌హాగెన్‌కు పెట్టనా, ఆర్హూస్‌కు పెట్టనా?" ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి విడిగా జవాబిస్తూ వచ్చాను. పోయిన ఏడాది మా అక్క కూతురికే రెండు చోట్లా సీటు వచ్చింది. తనతో కలిసి రెండు పాఠశాలలనూ మళ్లీ నిదానంగా తిరిగి చూశాను. ఎప్పటినుంచో నాలో ఉన్న అభిప్రాయం ఆ రెండు రోజుల్లో గట్టిపడింది. అందుకే ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఫీజులు, వీసా సంగతులు మీకు తెలిసినవే. మనం ఐరోపా సమాఖ్య బయటివాళ్లం కాబట్టి ఎక్కడైనా ఫీజు కట్టాల్సిందే. మాస్టర్స్ రెండేళ్లు, బోధన ఇంగ్లిషులో. పట్టాకున్న గౌరవంలోనూ ఉద్యోగం ఇచ్చేవారి దృష్టిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి వాటిని పక్కన పెడదాం.

బోధనా పద్ధతి కూడా మూలంలో ఒక్కటే. మన కాలేజీల్లో మాస్టారు ప్రాజెక్టు ఇస్తారు, స్థలం ఇస్తారు, ఏ షీట్లు ఎప్పుడు సమర్పించాలో పట్టిక ఇస్తారు. డెన్మార్క్‌లో మాస్టర్స్ విద్యార్థిని ముందుగా అడిగేది "నీ ప్రశ్న ఏమిటి?" అని. స్టూడియో, అంటే డిజైన్ నేర్పే తరగతి, ఒక విస్తృతమైన విషయాన్ని ఇస్తుంది. అందులో ఏది పట్టుకోవాలో, ఏ స్థలంలో పరీక్షించాలో మీరే తేల్చుకోవాలి. ఉపాధ్యాయుడు మీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటాడు, మీ గీతలు చూస్తాడు, చాలాసేపు మాట్లాడడు. ఆ మౌనం మన పిల్లలను మొదటి నెలలో బాగా కంగారు పెడుతుంది. ఆయనకు నచ్చలేదేమో అనుకుంటారు. నిజానికి మీరు మాట్లాడాలని ఆయన ఎదురుచూస్తున్నాడు. ఉపాధ్యాయుణ్ని పేరు పెట్టి పిలవడం, జ్యూరీలో, అంటే పనిని నలుగురి ముందు పెట్టి విమర్శించే సమావేశంలో, ఎదురు ప్రశ్న వేయడం అలవాటు కావడానికి ఒక సెమిస్టర్ పడుతుంది. ఇది రెండు చోట్లా ఉన్నదే.

మరి తేడా ఎక్కడ? నా దృష్టిలో అది భవనంలో ఉంది. ఇంకా సూటిగా చెప్పాలంటే, మీ బల్లకూ వర్క్‌షాప్‌కూ మధ్య ఉన్న దూరంలో ఉంది.

ముందు కోపెన్‌హాగెన్ చూద్దాం. 1754లో ఐదవ ఫ్రెడరిక్ రాజు పుట్టినరోజున మొదలైన అకాడమీ ఇది. రెండు శతాబ్దాలకు పైగా నగరం నడిబొడ్డున షార్లొటెన్‌బోర్గ్ భవనంలో ఉండి, 1996లో ఆర్కిటెక్చర్ విభాగం హోల్మెన్‌కు మారింది. హోల్మెన్ డేనిష్ నౌకాదళం వందల ఏళ్లు యుద్ధనౌకలు కట్టిన చోటు. పాఠశాల ఉన్న వీధికి పెట్టిన పేరు ఫిలిప్ డి లాంగెది. పద్దెనిమిదో శతాబ్దంలో ఓడలకు తెరచాప స్తంభాలు ఎత్తి నిలబెట్టడానికి ఎత్తైన క్రేన్ కట్టిన వాస్తుశిల్పి ఆయన. ఆ క్రేన్ ఇప్పటికీ అక్కడ నీటి ఒడ్డున నిలబడి ఉంది. చుట్టుపక్కల పాత నౌకాదళ భవనాల్లోనే సినిమా, నాటక, సంగీత విద్యాలయాలూ ఉన్నాయి. 2011లో డిజైన్, కళావస్తు పరిరక్షణ పాఠశాలలు కూడా దీనిలో కలిసిపోయాయి.

ఇక్కడి బలం సంప్రదాయం. పాత కట్టడాన్ని ఇంచు ఇంచు కొలిచి గీయడం ఈ అకాడమీలో తరతరాలుగా వస్తున్న పాఠం. 1924లో ఫర్నిచర్ విభాగాన్ని మొదలుపెట్టిన కోరె క్లింట్ తన విద్యార్థుల చేత పాత కుర్చీలను కొలిపించి, మనిషి శరీరం కొలతలతో పోల్చి చూపించేవాడు. డేనిష్ కుర్చీ అంత సుఖంగా ఉండడానికి మూలం ఆ కొలతల్లో ఉంది. అర్నె యాకబ్‌సన్, సిడ్నీ ఒపేరా హౌస్ రూపకర్త యోర్న్ ఉట్సోన్, మనిషి నడకను బట్టి నగరాన్ని చూడమన్న యాన్ గేల్, ఇప్పటి బ్యార్కె ఇంగెల్స్, అందరూ ఇక్కడి నుంచి వచ్చినవారే. ఈ జాబితా చూసే చాలామంది దరఖాస్తు పెడతారు. అందులో తప్పు లేదు. కానీ మీరు చదువుకునే రెండేళ్లలో మీ పక్కన కూర్చునేది ఉట్సోన్ కాదన్నది కూడా గుర్తుంచుకోండి.

హోల్మెన్‌లో నాకు బాగా నచ్చింది ఒక కిటికీ. మందపాటి ఇటుక గోడలో లోతైన కిటికీ గూడు, దాని మీద ఎవరో విద్యార్థి పేర్చిన చిన్న చిన్న అట్ట మోడళ్లు, అవతల నీళ్లు. గోడ మందం ఎంతో ఆ గూటిలో మోచేయి పెడితే తెలిసిపోతుంది. పాత కట్టడంలో చదువుకోవడం వల్ల వచ్చే లాభం ఇదే, పాఠం చెప్పకుండానే శరీరానికి తెలుస్తుంది. మా అక్క కూతురు ఆ గూటిలో కాసేపు కూర్చుండిపోయింది. తను ఇక్కడికే వస్తానంటుందని అప్పుడు అనుకున్నాను.

అయితే హోల్మెన్ ఒక్క భవనం కాదు, ఒక చిన్న ఊరు. స్టూడియోలు ఒక చోట, గ్రంథాలయం ఒక చోట, వర్క్‌షాపులు మరో చోట. మధ్యలో వీధులు, నీటి కాలువలు. ఆలోచన వచ్చిన క్షణంలో చెక్క ముక్క కోసి చూడాలంటే కోటు వేసుకుని బయటికి రావాలి. జూన్‌లో అది హాయిగా ఉంటుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే చీకటి పడే నగరంలో, సముద్రపు గాలిలో, ఆ నడక రేపటికి వాయిదా పడుతుంది. రేపటికి ఆ ఆలోచన చల్లారిపోతుంది. అప్పుడు మనిషి కంప్యూటర్ ముందే కూర్చుండిపోతాడు. మన దగ్గర నుంచి వచ్చేవారిలో చాలామంది అప్పటికే తెర మీద పనికి అలవాటు పడినవారు. వారికి కావలసింది చేతిలో బరువు, రంపపు పొట్టు. అవి అందుబాటులో లేకపోతే పాత అలవాటే గెలుస్తుంది.

ఇప్పుడు ఆర్హూస్. 1965లో పుట్టిన పాఠశాల, అకాడమీతో పోలిస్తే నిన్నటిది. అర్ధ శతాబ్దం పాటు నగరంలో చెల్లాచెదురుగా ఉన్న పాత ఇళ్లలో నడిచింది. తర్వాత పాత గూడ్సు రైల్వే యార్డులో కొత్త భవనం కోసం అంతర్జాతీయ పోటీ పెట్టారు. బహిరంగ దశలో గెలిచి పైకి వచ్చినవారిలో ఈ పాఠశాలలోనే చదివి అప్పుడే బయటికి వచ్చిన కుర్రవాళ్లు వార్గో, నీల్‌సన్, పాలె ఉన్నారు. తుది దశలో బ్యార్కె ఇంగెల్స్ సంస్థ బిగ్, సనా వంటి ప్రపంచ ప్రసిద్ధ సంస్థలు బరిలో ఉండగా, అడెప్ట్ సంస్థతో కలిసి వీరి జట్టే 2017లో గెలిచింది. 2021లో పాఠశాల అందులోకి మారింది. ఆర్కిటెక్చర్ బోధన కోసమే ప్రత్యేకంగా కట్టిన పాఠశాల భవనం డెన్మార్క్‌లో ఇదే మొదటిది.

మొదటిసారి చూసినవారు "ఇంకా పూర్తి కాలేదా?" అని అడుగుతారు. కాంక్రీటుకు పూత లేదు. పైకప్పుకు తొడుగు లేదు, తలెత్తితే గాలి గొట్టాలూ కరెంటు తీగల తట్టలూ అన్నీ కనిపిస్తాయి. స్తంభం దూలాన్ని ఎక్కడ మోస్తోందో, గొట్టం గోడలోకి ఎక్కడ దూరుతోందో మీ బల్ల దగ్గర కూర్చునే చూడవచ్చు. మన దగ్గర భవన సేవల (గాలి, నీరు, కరెంటు ఏర్పాట్ల) పాఠం పుస్తకంలో చదివి, పరీక్ష రాసి, ఫాల్స్ సీలింగ్ వెనక మరిచిపోతాం. ఇక్కడ అది రోజూ నెత్తిమీదే ఉంటుంది. ఎత్తైన స్టూడియో హాళ్లు ఒకదానికొకటి తెరుచుకుని ఉంటాయి. పై అంతస్తు నుంచి కిందికి చూస్తే ఎవరు ఏ మోడల్ కడుతున్నారో తెలుస్తుంది. గోడకు మేకు కొట్టవచ్చా అని ఎవరినీ అడగనక్కరలేదు.

వర్క్‌షాపులు అదే కప్పు కింద ఉన్నాయి. నా నిర్ణయమంతా దీని మీదే ఆధారపడింది. మేం వెళ్లిన రోజు ఒక అమ్మాయి బల్ల మీద చెక్క కీలు పెట్టుకుని దాన్ని మళ్లీ మళ్లీ ఊడదీసి బిగిస్తోంది. ఒక మూల సరిగా కూర్చోవడం లేదు. పెన్సిలుతో ఒక గీత పెట్టి లేచి వర్క్‌షాప్‌కు వెళ్లింది. ఆమె టీ కప్పులోంచి ఇంకా ఆవిరి వస్తుండగానే తిరిగి వచ్చి, ఆ ముక్కను మళ్లీ బిగించింది. ఈసారి కూర్చుంది. వెంటనే కాగితం మీద సెక్షన్‌లో (నిలువునా కోసినట్టు చూపే చిత్రంలో) ఆ కొలత మార్చింది. చేయి, చెక్క, గీత, ఈ మూడింటి మధ్య ఆ చుట్టు ఒక్క పూటలో పదిసార్లు తిరగగలిగితే విద్యార్థి మారతాడు. వారానికి ఒకసారి తిరిగితే ఆ మార్పు రాదు. ఇన్నేళ్ల వృత్తిలో నేను చూసిన మంచి వాస్తుశిల్పులందరూ ఎక్కడో ఒకచోట ఈ చుట్టును వేగంగా తిప్పిన అనుభవం ఉన్నవారే.

భవనం చుట్టూ ఉన్నదీ తక్కువ కాదు. పక్కనే పాత గూడ్సు స్టేషన్ సాంస్కృతిక కేంద్రంగా మారింది. అర్నె యాకబ్‌సన్, ఎరిక్ మోలర్ కట్టిన 1941 నాటి నగర సభాభవనం నడిచి వెళ్లే దూరంలో ఉంది. ఆ మెట్ల చేతిపట్టీ ఒకసారి పట్టుకుని చూడండి. విశ్వవిద్యాలయం వైపు వెళితే 1930ల నుంచి ఒకే పసుపు ఇటుకతో పెరుగుతూ వచ్చిన ప్రాంగణం. ఇల్లు అద్దెకు కోపెన్‌హాగెన్ కన్నా చవక, ఊరు చిన్నది, సైకిలు మీద ఎక్కడికైనా వెళ్లవచ్చు.

కోపెన్‌హాగెన్‌కే వెళ్లమని నేను గట్టిగా చెప్పే సందర్భాలూ ఉన్నాయి. పాత కట్టడాల పరిరక్షణ మీ మనసులో ఉంటే హోల్మెన్‌ను మించినది లేదు, ఆ విభాగం అక్కడే ఉంది, కొలిచి గీసే విద్య అక్కడే ఉంది. ఫర్నిచర్ మీద ప్రేమ ఉన్నా అంతే. కంప్యూటేషన్ (కంప్యూటర్ లెక్కలతో రూపాలు తేల్చే పద్ధతి) మీద పరిశోధన స్థాయిలో పనిచేయాలంటే, 2005 నుంచి నడుస్తున్న సీటా కేంద్రం అక్కడ ఉంది. తీవ్ర వాతావరణాల మీద నడిచే స్టూడియో అయితే నేను చెప్పిన దూరాన్ని కూడా జయించింది. అక్కడ విద్యార్థులు తమ చేతులతో పరికరం తయారుచేసి, దాన్ని మోసుకుని మంచు ప్రాంతాలకో ఎడారులకో వెళ్లి నిజంగా పరీక్షిస్తారు. దానిలో సీటు వస్తే రెండో ఆలోచన పెట్టుకోకండి. ఇక పెద్ద సంస్థల్లో పని దొరకడం విషయంలో రాజధాని రాజధానే. అయితే ఆర్హూస్‌లోనూ సి.ఎఫ్. మోలర్, సెబ్రా వంటి సంస్థలు ఉన్నాయి, 3ఎక్స్ఎన్ పుట్టిందీ ఆ ఊళ్లోనే.

ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం గురించీ అడుగుతారు. అది ఇంజినీరింగ్ కలిసిన చదువు, జట్లుగా సమస్య ఆధారంగా నేర్పుతారు. లెక్కలంటే ఇష్టం ఉన్నవారికి మంచిది. రాజధాని పక్కన సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉన్నది కూడా ఇంజినీరింగ్ వైపు మొగ్గినదే. డిజైన్ స్టూడియో కోసం ఇంత దూరం వచ్చేవారికి ఈ రెండూ నేను సూచించను.

మా అక్క కూతురు ఆ కిటికీ గూటిని వదిలి ఆర్హూస్‌నే ఎంచుకుంది. నేను ఒక్క మాట కూడా ఒత్తిడి చేయలేదు. సెప్టెంబరులో చేరింది. మొదటి నెలలో ఫోను చేసినప్పుడల్లా భవనం వెలితిగా ఉందని, చప్పుడు ఎక్కువని చెప్పేది. నిజమే, తెరుచుకుని ఉన్న హాళ్లలో రంపం శబ్దం, మాటలు అన్నీ వినిపిస్తాయి. ఏకాంతంలో తప్ప పని చేయలేని స్వభావం మీదైతే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నవంబరులో చేసినప్పుడు మాత్రం ఫోటోలు పంపింది. స్వయంగా పోతపోసిన కాంక్రీటు పలకలు పదకొండు, ఒక్కోదాని వెనక తేదీ, కలిపిన పాళ్లు రాసి ఉన్నాయి. నాలుగోది పగిలింది. దాన్ని పారేయకుండా మధ్యలోనే ఉంచింది.

రెండూ చూసి తేల్చుకునే వీలు ఉన్నవారు జూన్‌లో రండి, పట్టా విద్యార్థుల పని ప్రదర్శనకు పెట్టే కాలం అది. రాజధాని నుంచి ఆర్హూస్‌కు రైలులో సుమారు మూడు గంటలు. స్టేషన్ నుంచి పాఠశాలకు నడిచే వెళ్లవచ్చు. వెళ్లాక గోడల మీద షీట్ల కన్నా ముందు వర్క్‌షాప్ ఎక్కడుందో అడగండి, అక్కడి నుంచి ఒక విద్యార్థి బల్ల దాకా మీరే అడుగులు లెక్కపెడుతూ నడవండి.