దించిన కారు వెనుక ‘టక్’మనే చప్పుడు: లిఫ్ట్ మేలా, ర్యాంపు మేలా?

పొట్టి స్ప్రింగులు వేయించి స్పోర్ట్స్ కారును కిందికి దించుకున్నవారు నన్ను మళ్లీమళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. వెనుక నుంచి ‘టక్’మని చప్పుడు వస్తోంది, రెండు స్తంభాల లిఫ్ట్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లాలా, వీల్ అలైన్‌మెంట్ ర్యాంపు ఉన్న చోటికి తీసుకెళ్లాలా అని. డిక్కీ ఖాళీ చేసి, జాకీని, స్టెప్నీని బయట పెట్టి, చక్రాల నట్లు సరిచూసుకున్న తరువాత కూడా చప్పుడు పోలేదనే అనుకుని జవాబు రాస్తున్నాను.

లిఫ్ట్ మీద పని హాయిగా ఉంటుందన్నది నిజమే. మెకానిక్ నిటారుగా నిలబడి వెలుతురులో చూడగలడు, చక్రాన్ని చేత్తో ఊపగలడు. అయితే లిఫ్ట్ చేతులు కారును బాడీ కింద పట్టి లేపుతాయి కనుక నాలుగు చక్రాలూ గాలిలో వేలాడతాయి. ర్యాంపు మీదనో, మెకానిక్ కిందికి దిగి చూసే గొయ్యి అయిన పిట్ మీదనో అయితే చక్రాలు రోడ్డు మీద ఉన్నట్టే కారు బరువు మోస్తూ ఉంటాయి. నా దృష్టిలో ఈ వెతుకులాటను తేల్చేది ఈ ఒక్క తేడాయే.

చక్రం వేలాడినప్పుడు షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగుతుంది. దించిన కారులో స్ప్రింగు పొట్టిది కనుక ఆ స్థితిలో దాని తోపుడు దాదాపు మిగలదు. చక్రం, దానిని పట్టే హబ్, బాడీకి కలిపే ఆర్మ్‌ల బరువంతా షాకర్ మీద, దాని ద్వారా, షాకర్ పైకొసను రబ్బరుతో బాడీకి పట్టి ఉంచే టాప్ మౌంట్ మీద పడుతుంది. మౌంట్ రబ్బరు అరిగి ఎంత సందు ఏర్పడినా ఆ బరువు దానిని ఒకే వైపుకు బిగలాగి ఉంచుతుంది. అందువల్ల ఎంత ఊపినా చప్పుడు రాదు. కారు నేలకు దిగగానే షాకర్ రాడ్ మళ్లీ సగంలోకి వస్తుంది, ప్రతి గతుకుకూ ఆ సందులో పైకీ కిందికీ కొట్టుకుంటుంది.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. నాది వెనుక స్ప్రింగు ఒకచోట, షాకర్ మరోచోట ఉండే రెండు సీట్ల కారు. మొదట వెళ్లిన షెడ్డులో లిఫ్ట్ మీదకు ఎత్తి, ఆర్మ్ దగ్గర ఇనుప కడ్డీ పెట్టి ఎగదోసి, “బుష్ పోయింది సార్, మారిస్తె అయిపోతది” అన్నారు. ఆర్మ్ కీలులో ఉండే ఆ రబ్బరు బుష్ రెండు వైపులా మార్చారు. తిరుగు ప్రయాణంలో మా హబ్సిగూడ సందు మలుపులోనే చప్పుడు మళ్లీ పలకరించింది. వారం తరువాత ఒక అలైన్‌మెంట్ షాపులో కారును పిట్ మీద నిలిపి, డిక్కీలోని లైనింగ్ ఒలిచి, షాకర్ తలమీది నట్టుపై వేలు ఆనించి పెట్టాను. మా తమ్ముడు డిక్కీ అంచును రెండు చేతులతో లయగా నొక్కుతూ వదులుతూ ఉంటే, నాలుగోసారికి వేలి కింద ‘చిటుకు’మని తగిలింది. చెవి కన్నా ముందు వేలికే తెలిసింది. విప్పి చూస్తే నట్టు బిగుతుగానే ఉంది. దాని కింది రబ్బరు మాత్రం ఒక పక్క పలచబడి, వాషర్ అంచు గీసుకుని వెండిలా మెరుస్తోంది.

లిఫ్ట్ తప్ప గతి లేని సందర్భమూ ఒకటుంది. చక్రాలు వేలాడుతున్నప్పుడు స్ప్రింగును చేత్తో పట్టి తిప్పి చూడాలి; అది గూడులో వదులుగా తిరిగితే అనుమానించవలసిందే. అలా తిరిగినంత మాత్రాన దోషం అదేనని తేల్చకూడదు, ఎందుకంటే రోడ్డు మీద చక్రం అంత కిందికి దిగకపోవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెప్పే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల స్పీడ్ బ్రేకర్‌ను మెల్లగా దాటితే సాధారణంగా దిగదు. మన కాలనీల్లో ఎవరికి వారు పోసుకునే పొట్టి, నిట్టనిలువు దిబ్బ మీద మాత్రం దిగవచ్చు. స్ప్రింగు కొసకూ దాని గూడుకూ కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి నాలుగు రోజులు నడపండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే స్ప్రింగు విడిపడి మళ్లీ కూర్చుంటోందని అర్థం.

ఎక్సలరేటర్ తొక్కి వదిలినప్పుడో, గేరు మార్చినప్పుడో మాత్రమే ‘ధడ్’మంటే అది ఇంజిన్ శక్తిని చక్రాలకు పంచే డిఫరెన్షియల్ మౌంట్లకో, యాక్సిల్ జాయింట్లకో సంబంధించినది. దానికి చక్రాలు చేత్తో తిప్పి చూడడానికి లిఫ్టే అనువు. మెల్లగా పోతూ బ్రేకును తేలికగా ఆనించగానే చప్పుడు ఆగిపోతే బ్రేకు ప్యాడ్లు, వాటిని నొక్కే క్యాలిపర్ చూడాలి.

షెడ్డుకు వెళ్లే ముందు రోడ్డు మీద తేల్చుకోగలిగినది కూడా కొంత ఉంది. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఫ్లైఓవర్‌గా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వంతెన అతుకులు రెండు వెనుక చక్రాలకూ దాదాపు ఒకేసారి తగులుతాయి. రెండూ కలిసి లేచినప్పుడు ఆ రెండు చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ బార్ మెలి తిరగదు. అక్కడ కూడా చప్పుడు వస్తే ఆ బార్ కొసలను తగిలించే లింక్ రాడ్ల మీద అనుమానం తగ్గించి టాప్ మౌంట్, సస్పెన్షన్ మరీ అణగకుండా ఆపే బంప్ స్టాపర్ వైపు చూడవచ్చు. అక్కడ నిశ్శబ్దంగా ఉండి, కేబుల్ కోసం తవ్వి పూడ్చిన చోట ఒక చక్రం దిగినప్పుడే వస్తే లింక్ రాడ్లతో మొదలుపెట్టాలి. షాకర్ రాడ్‌కు ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి నడిపితే, అది ఎంతవరకు జరిగిందో చూసి కారు బంప్ స్టాపర్‌ను గుద్దుతోందో లేదో తెలిసిపోతుంది.

చప్పుడు ఎక్కడిదో వినడానికి కారు కింది భాగాలకు అక్కడక్కడ క్లిప్పులతో తగిలించే మైకుల పరికరం మంచిదే గాని అందరి దగ్గరా దొరకదు. ఫోన్‌లో రికార్డు చేసి పంపే చప్పుళ్ల వల్ల నాకు ఎన్నడూ ఏమీ తేలలేదు. ఒక్కొక్క పార్టూ మార్చుకుంటూ పోవడాన్ని పద్ధతిగా నేను లెక్కించను.

ర్యాంపుతో ఇబ్బంది ఎక్కడమే. ముందు బంపర్ పెదవి ఏటవాలుకు గీసుకుంటుంది, కనుక రెండు చెక్క పలకలు డిక్కీలో వేసుకుని వెళ్లండి. అయినా మొదట ర్యాంపుకే వెళ్లమంటాను. స్ప్రింగు అనుమానం మిగిలితేనే లిఫ్ట్. లిఫ్ట్ మీద రబ్బరు బుష్‌లు మార్చినా, ఆర్మ్ బోల్టులను అక్కడ పూర్తిగా బిగించనివ్వకండి. వేలాడే స్థితిలో బిగిస్తే కారు దిగగానే రబ్బరు మెలి తిరిగి ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రాలు బరువు మోస్తుండగా, ర్యాంపు మీదే చివరి బిగింపు వేయించండి.