బేస్‌కు ఏది మేలు: చిన్న ట్యూబ్ గిటార్ ఆంపా, బేస్ కాంబోనా?

"ఇంట్లో 15 వాట్ల ట్యూబ్ గిటార్ ఆంప్ ఉంది. బేస్ కూడా దీంట్లోనే వాయించుకోవచ్చా?" కొత్తగా బేస్ గిటార్ కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ట్యూబ్ ఆంప్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు ట్యూబులతో పనిచేసేది) పాడవుతుందేమోనని టెన్షన్. గదిలో మెల్లగా వాయించుకుంటే ఏమీ కాదు, నిశ్చింతగా వాయించండి. వాల్యూమ్ పెంచినప్పుడే అసలు చిక్కు.

అందరూ ముందు వాట్లు లెక్కపెడతారు. కానీ 1960లో వచ్చిన ఆంపెగ్ బి-15 కూడా మొదట్లో 25 వాట్లదే. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్‌లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ వాడిన ఆంప్ అది. దాంట్లో ఉన్నది బేస్ కోసమే కట్టిన పెట్టె, 15 అంగుళాల స్పీకరు. నా మటుకు తేల్చేది అదే: స్పీకరు, అది కూర్చున్న పెట్టె.

గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, బేస్ లావు తీగ 41 దగ్గర. ఫ్రీక్వెన్సీ సగమైతే, అంతే గట్టిగా వినపడడానికి స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే కోన్ నాలుగింతలు కదలాలి. గిటార్ స్పీకరును అంత కదలిక కోసం తయారుచేయరు. పైగా చిన్న గిటార్ కాంబోల్లో (ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేవి) చాలావాటికి వెనక తెరిచే ఉంటుంది. వెనకనుంచి వచ్చే శబ్దం చుట్టూ తిరిగొచ్చి ముందు శబ్దాన్ని తినేస్తుంది. కోన్‌ను అదుపులో పెట్టడానికి పెట్టెలో బిగించిన గాలి కూడా ఉండదు.

ఒకరోజు నా ట్యూబ్ గిటార్ కాంబో వెనక కూర్చుని లావు తీగను ఓపెన్‌గా మీటి చూశాను. వాల్యూమ్ 3 దగ్గర కోన్ ఊగడం కంటికి కనిపించింది. 5 దగ్గర తీగ మీటిన ప్రతిసారీ 'టప్'మని కొట్టుకున్న చప్పుడు. వెంటనే తగ్గించేశాను. దీన్ని ట్యూబులు ఇచ్చే గరుకు శబ్దం, అంటే డిస్టార్షన్ అనుకోకండి. డిస్టార్షన్ స్వరంతో పాటు సాగి, స్వరంతో పాటే సన్నబడుతుంది. ఈ చప్పుడు మీటిన క్షణంలోనే వచ్చి పోతుంది. అది వినపడితే వాల్యూమ్ తగ్గించాల్సిందే.

ట్యూబులకూ స్పీకరుకూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది కావడం వల్ల కూడా కింది స్వరాలు కొంత మెత్తబడతాయి. అది నాకు పెద్ద లోపంగా అనిపించలేదు.

ఇంత చెప్పినా ఆ ట్యూబ్ ఆంప్‌ను నేను అమ్మలేదు. వేలు గట్టిగా నొక్కి మీటితే కాస్త గరుకుగా, మెల్లగా మీటితే గుండ్రంగా పలికే ఆ తీరు నా చిన్న ట్రాన్సిస్టర్ కాంబోలో దొరకలేదు. అందుకే దాని స్పీకరు వైరు తీసి 15 అంగుళాల బేస్ క్యాబినెట్‌కు పెట్టాను. ఆంప్ 8 ఓమ్‌లది, క్యాబినెట్ కూడా 8 ఓమ్‌లదే. ఈ లెక్క తప్పకుండా చూసుకోండి. స్పీకరు తగిలించకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చేయకండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఇంట్లో రికార్డింగ్‌కు నాకు ఇంతకంటే నచ్చింది లేదు.

ఇంట్లో ఏమీ లేక కొత్తగా కొనేవాళ్లయితే ఫెండర్ రంబుల్ 40 లాంటి బేస్ కాంబో తీసుకోండి. తేలిక, ట్యూబులు మార్చే పని లేదు, ఐదు తీగల బేస్‌కూ భయం లేదు. రాత్రిపూట సాధనకు హెడ్‌ఫోన్లు చాలు.

డ్రమ్స్ పక్కన మాత్రం ఈ రెండూ ఆనవు. అక్కడికి వెళ్లేటప్పుడు నేను డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పట్టుకెళ్లి బేస్‌ను నేరుగా మిక్సర్‌లోకి ఇచ్చేస్తాను.