బాఖ్ ఊళ్ళలో జాజ్ వినాలంటే: లైప్‌జిగ్, కోటెన్, బెర్లిన్

జాజ్ పియానో వినేవాళ్ళలో జాక్ లూసియే పేరు తెలియనివాళ్ళు తక్కువ. పారిస్‌లో 1959లో ఒక బేస్, ఒక డ్రమ్స్ సెట్టు తోడుగా పెట్టుకుని, పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ సంగీతకర్త బాఖ్ రచనల్ని జాజ్ చేసి ‘ప్లే బాఖ్’ అని రికార్డు ఇచ్చాడు. అంతకు చాలా ముందే, 1937లో అదే ఊళ్ళో జాంగో రైన్‌హార్ట్ గిటార్ పట్టుకుంటే స్టెఫాన్ గ్రాపెల్లీ, ఎడ్డీ సౌత్ ఇద్దరూ బాఖ్ రెండు వయొలిన్ల కన్చర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే రచన) మొదటి భాగాన్ని స్వింగ్‌లో వాయించారు. ఇవన్నీ ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్లలో విన్నవే. చెల్లి బెర్లిన్‌లో ఉద్యోగంలో చేరాక, బాఖ్ పనిచేసిన ఊళ్ళనీ అక్కడి జాజ్‌నీ ఒకే ప్రయాణంలో కలిపి చూడాలని జూన్‌లో బయల్దేరాను. దేనికి డబ్బు పెట్టొచ్చో, దేన్ని వదిలేయొచ్చో ఇలాంటి పిచ్చి ఉన్న మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు రాకపోకల సంగతి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది. అక్కణ్ణుంచి లైప్‌జిగ్‌కి ఐసీఈ అనే వేగం రైల్లో మూడు గంటలు, కాస్త అటూ ఇటూ. లైప్‌జిగ్ నుంచి బెర్లిన్ అదే రైల్లో గంటంబావు. చిన్న ఊళ్ళకి మాత్రం లోకల్ రైళ్ళే దిక్కు. సాక్సనీ, సాక్సనీ-ఆన్‌హాల్ట్, తురింగియా మూడు రాష్ట్రాల్లోనూ చెల్లే డే టికెట్టు ఒకటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి తిరిగితే చాలా చవక పడుతుంది, కాకపోతే మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది దాటాకే పనికొస్తుంది. నెలంతా తిరిగేవాళ్ళకి డాయిచ్‌లాండ్ టికెట్ మేలు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 నుంచి 63 యూరోలు. అయితే అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఆ నెల పదో తారీఖులోపు రద్దు చెయ్యకపోతే తర్వాతి నెల డబ్బు కూడా కట్ అవుతుంది.

లైప్‌జిగ్‌లో చెల్లీ నేనూ ముందు స్టేషన్ ఎదురుగా ఉన్న ఒక పెద్ద హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్ బాగుంది. కానీ ఏసీ లేదు. కిటికీ తీస్తే ట్రాముల చప్పుడు, మూస్తే ఉక్క. జూన్‌లో బాఖ్ ఉత్సవం జరిగే రోజుల్లో గదుల రేట్లు బాగా పెరుగుతాయి, ఊరి మధ్యలో అయితే దొరకడమే కష్టం. తర్వాత దక్షిణాన కార్ల్ లీబ్‌క్నెఖ్ట్ వీధి దగ్గర ఒక చిన్న బసకి, అక్కడ ‘పెన్షన్’ అంటారు, అలాంటిదాని‌కి మారాం. మెట్లే ఎక్కాలి, లిఫ్ట్ లేదు. కానీ వంటగది వాడుకోనిచ్చారు, వెనక పెరట్లోకి తెరుచుకునే కిటికీలు, పదో నంబరు ట్రాము ఎక్కితే కాసేపట్లో ఊరి మధ్యలో ఉంటాం. శాకాహారులకి ఆ వంటగదే కొండంత అండ. ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, స్టేషన్‌లో కొన్ని తెరిచి ఉంటాయి. బియ్యం, పెరుగు శనివారమే తెచ్చిపెట్టుకోవాలి.

సెయింట్ థామస్ చర్చిలో బాఖ్ 1723 నుంచి 1750లో చనిపోయేదాకా పనిచేశాడు. ఆయన అస్థికలు ఇప్పుడు ఉన్నదీ అక్కడే. బళ్ళు తెరిచి ఉండే రోజుల్లో శుక్రవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం అక్కడి బాలుర బృందం మోటెట్లు, అంటే పలు గొంతుల భక్తి గీతాలు, పాడుతుంది. ఇది కచేరీ కాదు, ప్రార్థన. చప్పట్లు కొట్టరు. లోపలికి వెళ్ళడానికి కొద్ది యూరోలిచ్చి ప్రోగ్రాం కాగితం కొంటే చాలు. అయితే ముందే వెళ్ళి వరసలో నిలబడాలి. పాడేవాళ్ళు మన వెనక వైపు, పై గ్యాలరీలో ఉంటారు. కళ్ళ ముందు గాయకుడు లేకుండా గంటసేపు వినడం మొదట వింతగా అనిపించినా, గొంతులు ఒకదాని మీదొకటి ఎలా పేరుకుంటున్నాయో అలా విన్నప్పుడే నాకు తెలిసింది. ఇంత తక్కువ డబ్బుకి ఇంత సంగీతం ఈ ప్రయాణంలో మరెక్కడా దొరకలేదు.

చర్చి ఎదురుగానే బాఖ్ మ్యూజియం. సోమవారం సెలవు, నెలలో మొదటి మంగళవారం ఉచితం. 1743లో బాఖ్ స్వయంగా పరీక్షించిన ఒక ఆర్గన్ తాలూకు బల్ల, వేళ్ళతో నొక్కే మెట్లు ఉండేది, అక్కడ ఉంది. ఆయన్ని ఆ కాలంవాళ్ళు ముందుగా మెచ్చుకున్నది అప్పటికప్పుడు అల్లి వాయించే ఆర్గన్ విద్వాంసుడిగానే. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ బల్ల మరోలా కనిపిస్తుంది.

ఉత్సవం రోజుల్లో మార్కెట్ కూడలిలో ఒక ఆరుబయట వేదిక వేస్తారు. ప్రవేశం ఉచితం, బాఖ్‌ని జాజ్‌తోనో జానపదంతోనో కలిపే బృందాలు వాయిస్తాయి. బాఖ్ పోయి 250 ఏళ్ళయిన సందర్భంగా 2000 జూలైలో ఈ కూడలిలోనే గాయకుడు బాబీ మెక్‌ఫెర్రిన్, లూసియే బృందం, కింగ్స్ సింగర్స్ ఒకే రాత్రి పాల్గొన్నారు. చల్లగాలికి కూర్చుని వినడం హాయే, కానీ సంగీతం విషయంలో నాకు పూర్తిగా నచ్చలేదు. మైకులో హార్ప్సికార్డ్ (పియానోకి ముందుకాలపు మెట్ల వాద్యం) సన్నని గలగలలా మిగులుతుంది. డ్రమ్స్ మొదలయ్యాయంటే నాలుగు గొంతుల, అంటే ఒకేసారి నడిచే నాలుగు స్వర వరసల, అల్లికలో మధ్య రెండూ మునిగిపోతాయి. పైన పాట, కింద తాళం, అంతే. బాఖ్‌లో అసలు సంగతంతా ఆ మధ్య గొంతుల్లోనే ఉంటుంది కదా.

ఇంకొకటి మాత్రం ఎవరూ తీసుకోకండి. ‘బాఖ్, జాజ్, డిన్నర్’ అని కలిపి అమ్మే ప్యాకేజీ. ఒక టూర్ కంపెనీ చెల్లికి గట్టిగా సిఫారసు చేసింది. పళ్ళేలు, ఫోర్కుల మోత మధ్య ఒక ట్రియో అందరికీ తెలిసిన పది ముక్కలు కలిపి వాయించింది. శాకాహారం ముందే చెప్పాం, అయినా బ్రెడ్డూ ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కూరా పెట్టారు. ఆ డబ్బుతో రెండు మంచి కచేరీలు వినొచ్చు.

నా మటుకు నాకు ప్రయాణం ఫలించింది కోటెన్‌లో. లైప్‌జిగ్ నుంచి లోకల్ రైల్లో సుమారు గంట. చిన్న, నిశ్శబ్దమైన ఊరు. మధ్యాహ్నం దాటితే కాఫీ షాపులు కూడా మూసేస్తారు, రాత్రి ఉండాల్సినంత ఏమీ లేదు. బాఖ్ 1717 నుంచి 1723 దాకా ఇక్కడి కోటలో రాజుగారి సంగీత బృందాన్ని నడిపాడు. బ్రాండెన్‌బర్గ్ కన్చర్టోల అంకితం తారీఖు 1721 మార్చి 24, ఆయన ఇక్కడున్నప్పటిదే. కోటలోని ఒక చిన్న హాల్లో ఆ సాయంత్రం వాటిలో మూడోది వాయించారు.

ఆ మూడో కన్చర్టో మధ్య భాగం కాగితం మీద ఒక్క బార్, అంటే ఒక్క తాళావర్తనం. అందులో రెండే కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), పైన ‘అదాజో’, అంటే నెమ్మదిగా అని, అంతే. నెమ్మదిగా సాగే భాగం మొత్తం ఆ రెండు కార్డ్‌ల మధ్యే పుట్టాలి. చాలామంది వాటిని మొక్కుబడిగా వాయించి మూడో భాగంలోకి వెళ్ళిపోతారు. ఆ రోజు హార్ప్సికార్డ్ వాయించిన ఆవిడ మొదటి కార్డ్‌ని కింది నుంచి పైకి నెమ్మదిగా విరిచి, దాని మీద ఒక చిన్న పాట అల్లి, కిందికి జారుతూ జారుతూ రెండో కార్డ్ అంచున ఆగింది. హాల్లో ఎవరూ కదల్లేదు. ఎనిమిది తొమ్మిది మంది వయొలిన్, వియోలా, చెల్లోల వాళ్ళు ఆవిడ చేతినే చూస్తూ కూర్చున్నారు. తర్వాత అందరూ కలిసి ఆ రెండో కార్డ్ మీద దిగారు.

కచేరీ అయ్యాక దగ్గరికెళ్ళి చూపించమని అడిగాం. ఆవిడ ముందున్న కాగితంలో ఎడమచేతి వరస ఒక్కటే ఉంది. ఆ బేస్ స్వరాల, అంటే అన్నిటికన్నా కింద నడిచే స్వరాల, కింద చిన్న చిన్న అంకెలు. ఆరు అని ఉంటే ఆ స్వరానికి పైన మూడోదీ ఆరోదీ కలపాలి. ఏ అంకే లేకపోతే మూడోదీ అయిదోదీ. నాలుగు, పక్కన మూడు ఉంటే నాలుగో స్వరాన్ని కాసేపు పట్టి ఉంచి మూడోదానికి దించాలి. కుడిచేతికి మాత్రం ఒక్క స్వరం కూడా రాసిలేదు. ప్రతి సాయంత్రం ఆ చెయ్యి వేరేగా నడుస్తుందని చెప్పి, అదే నాలుగు బార్లని మూడు రకాలుగా వాయించి చూపించింది. జాజ్ వాళ్ళ ముందుండే లీడ్ షీట్ కూడా సరిగ్గా ఇదే: కార్డ్ పేర్లుంటాయి, వేళ్ళు ఎక్కడికి వెళ్ళాలో ఉండదు.

చెల్లి చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. బయటికొస్తూనే, “అక్కా, ఇది మన కల్పనస్వరమే కదే!” అంది. చాలావరకు నిజమే. కానీ మనకి హద్దు గీసేది రాగం, ఎత్తుగడకి తిరిగి చేరాలన్న లెక్క. ఇక్కడ హద్దు గీసేది కింద నడిచే బేస్. అది కదిలిన ప్రతిసారీ పైన చెల్లే స్వరాలు మారిపోతాయి. బాఖ్ కాలపు బరోక్ సంగీతాన్నీ జాజ్‌నీ కలిపి ఉంచేది ఆ బేస్ వరసే అని నాకు అక్కడ గట్టిగా అనిపించింది. బాఖ్ పాటకి డ్రమ్స్ తగిలించడం పైపై పని. ఆయన బేస్‌ని నమ్మి మిగతాది కొత్తగా అల్లడం అసలు పని.

ఇది ఎంత నిజమో బెర్లిన్‌లో ఒక నేలమాళిగ జాజ్ క్లబ్‌లో విన్నాం. పేరున్న పెద్ద క్లబ్ కాదు. ద్వారం దగ్గరే నగదు కట్టాలి, కార్డు తీసుకోరు. తాగేది ఏదో ఒకటి విడిగా కొనాలి, నీళ్ళ సీసా అయినా చాలు. సీట్లకి నంబర్లుండవు, ముందొచ్చినవాళ్ళు పియానో పక్కన కూర్చుంటారు. గాలి ఆడదు, కానీ మైకు అవసరం లేనంత చిన్న గది. పియానో, బేస్, డ్రమ్స్ వాళ్ళు ముగ్గురూ 1722 నాటి వెల్ టెంపర్డ్ క్లావియర్ అనే బాఖ్ కీబోర్డు రచనల మొదటి సంపుటంలోని చివరి ప్రెల్యూడ్ (ఆరంభ రచన) ఎత్తుకున్నారు, బి మైనర్‌లోది. అందులో ఎడమచేయి మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా, సమానమైన అడుగులతో నడుస్తుంది. పైన రెండు గొంతులు ఒకదాన్నొకటి తగులుతూ విడిపోతూ ఉంటాయి. ఆ నడకని బేస్ వాయించే అతను తీసుకున్నాడు, ఒక్క స్వరం మార్చలేదు. ఈ ప్రెల్యూడ్‌లో ప్రతి సగాన్నీ రెండుసార్లు వాయించాలని బాఖే రాశాడు. పియానో అతను మొదటిసారి ఉన్నదున్నట్టు వాయించాడు. రెండోసారి పై గొంతులు రెండూ వదిలేసి సొంతంగా అల్లుకుపోయాడు. ఒకచోట డ్రమ్స్ అతను బ్రష్‌లు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు మార్చి వాయించడం బాఖ్ నాటి అలవాటే. వాళ్ళు కొత్తగా తెచ్చిపెట్టింది తాళానికి కాస్త ముందూ వెనకా ఒరిగే జాజ్ వాళ్ళ ఆ నడక, కొన్ని కార్డ్ రంగులు. పాత ఇల్లు అలాగే ఉంది.

అన్ని దార్లూ ఇవే కావు. జాజ్ పియానిస్టు కీత్ జారెట్ అంతటి కల్పనకారుడు 1987లో ఇదే సంపుటాన్ని రికార్డు చేసినప్పుడు సొంతంగా ఒక్క స్వరం కలపలేదు. ఆ రికార్డు కూడా నాకు ఇష్టమే. నాకు మింగుడు పడనిది మధ్యరకం: పాట ఎలా ఉందో అలా ఉంచి కింద తాళం ఒక్కటి మార్చడం.

పాట్స్‌డామ్ కూడా వెళ్ళొచ్చాం, బెర్లిన్ నుంచి ఎస్7 లోకల్ రైలు ఉంది. 1747 మేలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఇచ్చిన ఇతివృత్తం మీద బాఖ్ అక్కడికక్కడే మూడు గొంతుల ఫ్యూగ్ (ఒకే ఇతివృత్తాన్ని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన) అల్లి వినిపించింది ఈ ఊళ్ళోనే. తోటలు అందంగా ఉన్నాయి, కోట టికెట్టు కోసం వరస పొడుగ్గా ఉంది. సంగీతం కోసమే అయితే ఈ ఊరు వదిలేసినా నష్టం లేదు.

వెళ్ళదలుచుకున్నవాళ్ళు ఉత్సవం కోసం జూన్, జాజ్ రోజుల కోసం అక్టోబర్ చూసుకోండి. లైప్‌జిగ్ జాజ్ ఉత్సవం 1976 నుంచి జరుగుతోంది. రేట్లు భారమనిపిస్తే పాఠశాలలు నడిచే మామూలు వారం ఏదైనా మంచిదే, శుక్ర శనివారాల్లో లైప్‌జిగ్‌లో ఉండేలా చూసుకుంటే మోటెట్లు దక్కుతాయి. జాజ్ చర్చిలో ఉంటే ముందు వరసల్లో కూర్చోండి, రాతి గోడల మధ్య డ్రమ్స్ ప్రతిధ్వని వెనక వరసలకి చేరేసరికి ముద్దయిపోతుంది. కోటెన్‌లో సాయంత్రం కచేరీకి టికెట్టు కొనేముందు తిరుగు రైలు ఎన్నింటికో చూసుకోండి, రాత్రిపూట రైళ్ళు పలచగా ఉంటాయి.