పాత ప్యానెల్ బోర్డులకు థర్మల్ కెమెరా: నాలుగేళ్లు వాడాక

నా దగ్గరున్నది వేడిని చిత్రంగా చూపించే 160×120 పిక్సెళ్ల థర్మల్ కెమెరా. పాత కరెంటు ప్యానెల్ తెరిస్తే ముందు దీన్నే చేతిలోకి తీసుకుంటాను. అయితే మొదటి ఆరు నెలలు దీని రీడింగులు నన్ను బాగా తికమక పెట్టాయి.

కారణం మెరిసే రాగి బస్‌బార్లు, అంటే ప్యానెల్ లోపల కరెంటును పంచే పట్టీలు. మెరిసే లోహం తన వేడిని సరిగా వెలువరించదు, ఎదురుగా ఉన్న వేడిని అద్దంలా చూపిస్తుంది. ఓసారి బస్‌బార్ మీద వేడి మచ్చ కనిపించింది. నేను పక్కకు జరిగితే అదీ జరిగింది. అది నా ఒంటి వేడి! దీనికంటే ప్రమాదం, నిజంగా కాగిపోతున్న జాయింట్ కూడా చల్లగా కనిపించడం. ఇప్పుడు సప్లై ఆపినప్పుడే జాయింట్ల పక్కన నల్ల ఇన్సులేషన్ టేప్ అంటించి ఉంచుతున్నాను. టేప్ ఎమిసివిటీ (తన వేడిని వెలువరించే గుణం, గరిష్ఠం 1) 0.95 దగ్గర ఉంటుంది కాబట్టి దాని మీద రీడింగ్ నమ్మొచ్చు.

లోడ్ లేనప్పుడు తీసిన ఫొటోకు విలువ లేదు. కరెంటు సగమైతే జాయింట్‌లో పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. కనీసం 40 శాతం లోడ్ ఉన్నప్పుడే చూస్తాను, పక్కన క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తప్పనిసరి.

ఒక బోర్డులో మూడు ఫేజుల్లోనూ కరెంటు దాదాపు సమానం. రెండు టెర్మినళ్లు 44 డిగ్రీల దగ్గర ఉంటే మూడోది 71 చూపించింది. వేడి టెర్మినల్ దగ్గర ఎక్కువగా ఉండి, వైరు వెంట పోయేకొద్దీ తగ్గుతోంది. అంటే లూజ్ కాంటాక్ట్. ఓవర్‌లోడ్ అయితే వైరు పొడవునా వేడెక్కేది. సప్లై ఆపి విప్పితే అల్యూమినియం వైరు చివర నల్లబడి, ఇన్సులేషన్ పెళుసుబారింది. అలాంటి చోట స్క్రూ బిగించి వదిలేయకూడదు. పాడైన భాగం కోసేసి కొత్త లగ్ (వైరు చివర బిగించే లోహపు తొడుగు) వేశాను. మళ్లీ అదే లోడ్‌లో చూస్తే 45.

చల్లగా ఉన్నదాన్నీ వదలకండి. మూడు ఫ్యూజుల్లో ఒకటే చల్లగా ఉంటే అది కాలిపోయి, దానిలో కరెంటు పారకుండా ఉండొచ్చు.

గాజు, అక్రిలిక్ కవర్ల గుండా కెమెరా లోపలి వేడిని చూడలేదు. కవర్ తీయాల్సిందే, అప్పుడు లైవ్ భాగాలు ఎదురుగా ఉంటాయి. శిక్షణ, రక్షణ గేర్ లేనివాళ్లు దయచేసి ఆ పని చేయొద్దు.

అసంతృప్తి ఒక్కటే, రిజల్యూషన్. దూరం నుంచి చిన్న స్క్రూను చూస్తే చుట్టూ ఉన్న చల్లదనంతో కలిపి సగటు చూపిస్తుంది, అసలు వేడి తగ్గిపోయినట్టు ఉంటుంది. మళ్లీ కొంటే 320×240 తీసుకుంటాను.