ఫ్లక్స్‌నెట్ 2015 డేటాసెట్: ఋతువుల లెక్కకు భరోసా, ఏడాది లెక్కకు జాగ్రత్త

అడవులు, గడ్డిభూములు, పంట పొలాలు గాలి నుంచి ఎంత కర్బనాన్ని తీసుకుంటాయో, ఎంత తిరిగి వదులుతాయో, ఆ ఇచ్చిపుచ్చుకోవడం కాలాన్ని బట్టి ఎలా మారుతుందో స్వయంగా లెక్కించి చూడదలచిన విద్యార్థులకు, అధ్యాపకులకు ఉచితంగా దొరికే సాధనాల్లో, పలు దేశాల టవర్ కేంద్రాల కొలతలను ఒకచోట చేర్చిన ఫ్లక్స్‌నెట్ 2015ను మించినది నాకు కనబడలేదు. అయితే ఒక రోజులోనో ఒక ఋతువులోనో వచ్చే మార్పును గమనించడానికి దీన్ని ఎంత ధీమాగా వాడుకోవచ్చో, ఒక ఏటికీ మరో ఏటికీ మధ్య తేడాను తేల్చడానికి అంత ధీమాగా వాడలేము.

ఇందులో 212 కేంద్రాల కొలతలు 2014 వరకు ఉన్నాయి. అన్ని కేంద్రాల సంవత్సరాలనూ కలిపితే 1,500 దాటుతాయి. చెట్ల శిఖరాలకు పైన టవర్ మీద అమర్చిన పరికరాలు గాలి నిలువు కదలికనూ కార్బన్ డయాక్సైడ్ గాఢతనూ సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తాయి. ఆ కొలతలన్నీ ఒకే పద్ధతిలో శుద్ధి కావడమే ఈ డేటాసెట్‌కు అసలు బలం. పేరు నమోదు చేసుకుని, దేనికోసం వాడుతున్నామో చెబితే ఒక్కో కేంద్రానికి ఒక్కో జిప్ ఫైలు దిగుతుంది. అరగంట, రోజు, వారం, నెల, సంవత్సరం లెక్కలు వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న హార్వర్డ్ ఫారెస్ట్ ఫైలునే తీసుకుందాం. 1991 నుంచి కొలతలున్న ఈ ఆకురాల్చే అడవికి అరగంట ఫైలు ఉండదు, గంట ఫైలే ఉంటుంది. జూలైలో ఎండ బాగా కాసిన రోజును తెరిస్తే, నికర వినిమయం (వదిలినదానికీ తీసుకున్నదానికీ మధ్య తేడా) మధ్యాహ్నం చదరపు మీటరుకు సెకనుకు మైనస్ 20 మైక్రోమోళ్ల ప్రాంతానికి దిగి, చీకటి పడగానే సున్నా దాటి ధన సంఖ్యగా మారడం కనిపిస్తుంది. మైనస్ అంటే అడవి తీసుకుంటున్నదని, ప్లస్ అంటే వదులుతున్నదని అర్థం. ఆకులు లేని చలికాలమంతా అంకె చిన్నదే అయినా ప్లస్‌లోనే ఉంటుంది. మే నెలలో ఆకు విచ్చుకున్నాక గాని గీత కిందికి తిరగదు. ఇంత స్పష్టమైన ఋతుచక్రాన్ని చూపడానికి వేరే పాఠ్యగ్రంథం అక్కరలేదు.

చిక్కంతా ఏడాది మొత్తం దగ్గరే. ఈ అడవి 1991–95 మధ్య ఏడాదికి హెక్టారుకు 1.4 నుంచి 2.8 టన్నుల వరకు కర్బనాన్ని నికరంగా తీసుకున్నదని 1996లో వెలువడిన ఒక పరిశోధన లెక్క తేల్చింది. 1991లో కిరణజన్య సంయోగక్రియ పెరగడం వల్ల, 1995లో శ్వాసక్రియ తగ్గడం వల్ల నికర మొత్తం హెచ్చింది. అంటే ఫలితం ఒకేలా కనిపించినా కారణాలు వేరు. పైగా ఈ నికర మొత్తం దానికంటే ఎన్నో రెట్లు పెద్దవైన రెండు ప్రవాహాల (కిరణజన్య సంయోగక్రియతో తీసుకున్నది, శ్వాసక్రియతో వదిలినది) మధ్య తేడా మాత్రమే కాబట్టి, వాటిలో చిన్న పొరపాటు దొర్లినా తేడా మీద పెద్దగా పడుతుంది.

రాత్రి గాలి పెద్దగా కదలనప్పుడు నేల వదిలిన కార్బన్ డయాక్సైడ్ టవర్ పైదాకా చేరదు. అందుకే గాలి కలత (సుడులు తిరుగుతూ కలగలిసే తీరు) ఒక హద్దు కంటే తక్కువైన గంటల కొలతలను తీసేసి, అటువంటి వాతావరణమే ఉన్న దగ్గరి రోజుల కొలతలతో ఖాళీలను పూరిస్తారు. ఆ హద్దు ఏటేటా మారవచ్చునంటే వీయూటీ వరుస, అన్నేళ్లకూ ఒకటేనంటే సీయూటీ వరుస. ఈ రెంటినీ పక్కపక్కన ఉంచి, హద్దు మారితే ఫలితం ఎంత కదులుతుందో కూడా చూపడం ఈ డేటాసెట్ నిజాయితీ. రెండేళ్ల తేడా ఆ కదలికలోపే ఉంటే, దాన్ని వాతావరణ ప్రభావమని రాయడం తొందరపాటు.

నాణ్యత సూచిక విషయంలో ఒక ఉచ్చు ఉంది. అరగంట ఫైల్లో 0 అంటే నేరుగా కొలిచినది, 3 అంటే నాసిరకంగా పూరించినది. రోజు ఫైలుకు వచ్చేసరికి అదే సూచిక మంచి విలువల వాటాగా మారి, 1 ఉత్తమమూ 0 అధమమూ అవుతుంది. వివరణ పత్రం చదవకుండా ఒకే నియమాన్ని రెండింటికీ వర్తింపజేస్తే మంచివి పోయి చెడ్డవి మిగులుతాయి. కిరణజన్య సంయోగక్రియ వరుసలో అక్కడక్కడా రుణ సంఖ్యలు రావడం మాత్రం తప్పు కాదు. శ్వాసక్రియ అంచనా నుంచి నికర వినిమయాన్ని తీసివేసే పద్ధతిలో కొలతల ఒడిదుడుకులు అలా బయటపడతాయి, వాటిని కత్తిరించకూడదు.

లోటుపాట్లు లేకపోలేదు. కేంద్రాల్లో ఎక్కువ భాగం ఐరోపా, ఉత్తర అమెరికాలవే. భారతదేశానివి ఒక్కటీ లేవు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం అస్సాంలోని కాజీరంగాలోనూ, తమిళనాడులోని పిచ్చావరం మడ అడవుల్లోనూ ఇటువంటి టవర్లతో కొలతలు జరిపింది గాని అవి ఇందులో చేరలేదు. కాబట్టి గోదావరి డెల్టా వరి పొలాల గురించి దీని ఆధారంగా నేరుగా ఏమీ చెప్పలేము. 2014 తర్వాతి కాలం కావాలనుకునేవారు ఇటువంటి టవర్ల ప్రాంతీయ నెట్‌వర్కులైన ఐకాస్ (ఐరోపాకు), అమెరిఫ్లక్స్ (అమెరికాలకు) విడుదలలను చూడాలి.

ఈ డేటా సబ్‌సెట్ (కుదించినది), ఫుల్‌సెట్ (పూర్తిది) అని రెండు రూపాల్లో దొరుకుతుంది. తొలిసారి తెరిచేవారికి సబ్‌సెట్ చాలు, నిలువు వరుసలు తక్కువ కాబట్టి తికమక ఉండదు. ఏడాది మొత్తాలను పోల్చదలచినవారు మాత్రం వందల నిలువు వరుసలున్నా ఫుల్‌సెట్‌నే దించుకోవాలి, ఎందుకంటే సీయూటీ లెక్కలు ఉండేది అందులోనే.