మెడికెయిడ్ ఫారం నింపిస్తానన్న ‘తమ్ముడి’తో జాగ్రత్త (జార్జియా వాళ్ళకి)

ఎవరి గురించో అట్లాంటా చుట్టుపక్కల వాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. "అక్కా, నేను చూసుకుంటా కదా" అని మొదలుపెట్టి, డబ్బు తీసుకుని మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) ఫారాలు నింపే ఆ మనిషే. పేరు రాయను. వాడికిచ్చిన 250 డాలర్లు పోయాయి, పోతే పోయాయి. నా మంట దాని గురించి కాదు.

అమ్మకి పక్షవాతం వచ్చాక ఉద్యోగం మానేశాను, దాంతో ఇన్సూరెన్సూ పోయింది. ఇక్కడ ఆదాయం పేదరికం గీత కిందికి పడితే మార్కెట్‌ప్లేస్‌లో (ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైట్) సబ్సిడీ రాదు. మిగిలింది 2023 జూలైలో మొదలైన ‘పాత్‌వేస్’ అనే జార్జియా మెడికెయిడ్ పథకం ఒక్కటే. దానికి నెలకి 80 గంటలు ఉద్యోగమో, చదువో, కమ్యూనిటీ సర్వీసో చూపించాలి. ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకోవడం లెక్కలోకి రాదు. 80 గంటలట! నాకది వారం పని కూడా కాదు. రెండు గంటలకోసారి అమ్మని పక్కకి తిప్పాలి, రాత్రైనా సరే, లేకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. అదే పక్కింటావిడ తల్లిని జీతానికి తిప్పితే ఉద్యోగం!

"కొత్త చట్టం వచ్చిందక్కా, కేర్‌గివర్లకి మినహాయింపు, గ్యారంటీ" అన్నాడు. చట్టం వచ్చిన మాట నిజమే, 2025 జూలై 4న సంతకమైంది. వైకల్యం ఉన్నవాళ్ళని, 13 ఏళ్ళ వరకు పిల్లల్ని చూసుకునేవాళ్ళకి అందులో ఈ గంటల లెక్క నుంచి మినహాయింపూ ఉంది. కానీ రాష్ట్రాలు దాన్ని అమలు చేయడానికి గడువు 2027 జనవరి 1. ఆ ముక్క మింగేశాడు. ఆఫీసులో ప్రతి కాగితం రెండుసార్లు చదివే నేను, తెలుగులో "అక్కా" అనేసరికి వాడు నింపిన అప్లికేషన్ చదవకుండా ఫోన్ మీద వేలితో సంతకం గీకేశాను. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

మొన్న ప్రూఫ్ పంపమని ఉత్తరం వచ్చింది. నేను నెలకి 84 గంటలు గుడి వంటశాలలో సేవ చేస్తున్నానట. గుడి మెట్లెక్కి ఏడాదిన్నర అయింది!

ఫోన్ చేశాను. ఒక చెయ్యి అమ్మ భుజం కింద ఉంది, ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. "అమ్మ సేవ మాత్రం సేవ కాదా అక్కా? కాస్త మార్చి రాశానంతే" అని నవ్వాడు. అబద్ధం రాస్తే శిక్షకి సిద్ధమే అన్న లైను కింద ఉన్న సంతకం నాది, నవ్వు వాడిది. డబ్బు వెనక్కివ్వమంటే, "ఇంట్లో ఖాళీగానే ఉంటారుగా, మళ్ళీ అప్లై చేద్దాం" అన్నాడు. ఖాళీగా! అమ్మకి మాట రాదు గానీ వినిపిస్తుంది. కళ్ళు మూసుకుంది.

ఆ గంటలు నావి కావని రాసి పంపి, అప్లికేషన్ వెనక్కి తీసుకున్నాను. ఇప్పటికీ నాకు ఇన్సూరెన్స్ లేదు.

ఇంకోటి, అప్లికేషన్ పెట్టడం పూర్తిగా ఫ్రీ, జార్జియా ప్రభుత్వ గేట్‌వే సైట్‌లో మీరే పెట్టుకోవచ్చు. ఎవరితో నింపించుకున్నా సంతకానికి ముందు ప్రతి పేజీ చూడండి.

ఇందాక వాడి వాట్సాప్ స్టేటస్ చూశాను: "మెడికెయిడ్ గ్యారంటీ, ఈ వారం 199 డాలర్లే."